అగ్రిమెంటు చదివేటప్పుడు పెన్సిలు దగ్గర పెట్టుకో

అమ్మాయీ,

ఇల్లు కుదిరిందని, వచ్చే వారం అగ్రిమెంటు రాసుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఫోనులో నాలుగు ముక్కలు చెబుదామనుకున్నాను కానీ, ఫోనులో విన్నది సంతకం చేసే వేళకు గుర్తుండదు. నేను మూడు ఇళ్లు కొన్నాను, ఒకటి అమ్మాను. మొదటిసారి బాగానే దెబ్బ తిన్నాను. అల్లుడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు.

అగ్రిమెంటు మీద సంతకం పడగానే ఇల్లు మీదైపోదు. ఫలానా ధరకు, ఫలానా గడువులోగా అమ్ముతానని ఇంటి యజమాని, కొంటామని మీరు ఒప్పుకోవడం వరకే అది. ఇంటి మీద హక్కు మీ పేరిట మారేది ఆ తర్వాత. ఈ రెండింటి మధ్య కొన్ని వారాలో, నెలలో గడుస్తాయి. తగాదాలు పుట్టేది సరిగ్గా అప్పుడే.

కాబట్టి డ్రాఫ్టు ముందే తెప్పించుకో. లేకపోతే ఆ రోజు కుర్చీలో కూర్చోబెట్టి, పెన్ను చేతికిచ్చి, 'ఇదంతా మామూలేనండీ, ఇక్కడొకటి, ఇక్కడొకటి' అని పేజీలు తిప్పేస్తారు. ఇంట్లో తీరిగ్గా కూర్చుని పెన్సిలుతో చదువు. ప్రతి వాక్యం దగ్గర ఆగి 'ఇది జరగకపోతే?' అని అడుగు. జవాబు ఆ కాగితంలోనే ఉండాలి. లేనిచోట సున్నా చుట్టు.

నా మొదటి అగ్రిమెంటులో ఒక వాక్యం ఉండేది: 'విక్రయదారు ఇంటిని వీలైనంత త్వరగా ఖాళీ చేసి అప్పగించగలరు.' ఎంత మర్యాదగా ఉందో చూడు! ఆ 'వీలైనంత త్వరగా' ఏడు నెలలు సాగింది. ఒకపక్క ఉన్న ఇంటికి అద్దె, మరోపక్క కొన్న ఇంటికి వాయిదాలు. ఎప్పుడు అడిగినా 'ఇంకా వీలు పడలేదండీ' అనేవాడు. కాగితం ప్రకారం చూస్తే ఆయన తప్పేమీ లేదు. రెండో ఇంటికి తేదీ వేయించాను. ఆ తేదీ దాటితే రోజుకింత చొప్పున ఆయనే చెల్లించాలని మరో వాక్యం చేర్పించాను. రెండు రోజుల ముందే తాళాలు చేతికొచ్చాయి.

మీరు అప్పు చేసి కొంటున్నారు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. మీ జీతాలు చూసి బ్యాంకు 'ఇస్తాం' అనడం వేరు, ఈ ఇంటికి ఇవ్వడం వేరు. పత్రాలు చూస్తారు, ఇంటికి వాళ్లే విలువ కడతారు. ఆ విలువ మీరు ఒప్పుకున్న ధరకన్నా తక్కువగా తేలితే అప్పూ తగ్గుతుంది, ఆ తేడా మీ జేబులోంచి పెట్టుకోవాలి. అందుకని, ఫలానా తేదీలోగా కావలసినంత అప్పు మంజూరు కాకపోతే ఒప్పందం రద్దు, ఇన్ని రోజుల్లో బయానా వాపసు అని స్పష్టంగా రాయించు. ఈ ఒక్క వాక్యం లేక బయానా పోగొట్టుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను. బయానా కూడా వీలైనంత చిన్నదిగానే ఇవ్వండి. బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు లేకుండా చేతికి ఇవ్వొద్దు.

అమ్మేది ఎవరో చూసుకో. పత్రంలో ఇద్దరి పేర్లుంటే ఇద్దరూ సంతకం చేయాలి. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే వారసులందరూ తేలాలి. ఎవరి తరఫునో ఇంకొకరు సంతకం పెడతానంటే, ఆ అధికారపత్రం ఇప్పటికీ చెల్లుతుందో లేదో వకీలు చూడాలి. ఇంటి మీద తనఖా ఉందంటే భయపడకు, చాలా ఇళ్లకు ఉంటుంది. కాకపోతే మీరిచ్చే డబ్బులో ఆ బాకీకి సరిపడేంత నేరుగా అప్పిచ్చినవాళ్లకే వెళ్లాలి, అసలు పత్రాలు విడిపించి మీకివ్వాలి. 'నేను కట్టేస్తాను లెండి' అంటే ఒప్పుకోవద్దు. పన్ను, కరెంటు, నీటి బిల్లులు ఏ తేదీ వరకు ఎవరివో కూడా రాసుకోండి.

నవ్వుకోకు గానీ, ఇంట్లో ఉండిపోయే వస్తువుల జాబితా కూడా కావాలి. మూడో ఇంటికి తాళం తీసి లోపలికి వెళితే, వంటింటి అలమరకు తలుపులు లేవు. స్నానాలగదిలో గీజరు ఉండాల్సిన చోట నాలుగు రంధ్రాలు, వేలాడుతున్న వైరు. పోయింది పెద్ద మొత్తమేమీ కాదు, కానీ మీ పెద్దమ్మ ఇప్పటికీ ఆ అలమర సంగతి ఎత్తుతుంది. పైకప్పు చెమ్మ బాగుచేయిస్తానని మీకు ఇల్లు అమ్మేవాడు అన్నాడట కదా, అదీ తేదీతో సహా కాగితం మీదికి ఎక్కాలి.

వకీలు మీ మనిషై ఉండాలి. మధ్యవర్తి చూపించినవాడు వద్దు. మధ్యవర్తి మంచివాడే కావచ్చు, కానీ బేరం కుదిరితేనే అతనికి కమిషను. సంతకం రోజున ఖాళీలు వదిలిన పేజీ ఒక్కటి కూడా ఉండకూడదు. కొట్టివేతల పక్కన ఇరువైపులా సంతకాలు పడాలి. మీ ప్రతి ఆ రోజే మీతో ఇంటికి రావాలి.

నీకున్న మొహమాటం నాకు తెలుసు. 'మా మీద నమ్మకం లేదా?' అని వాళ్లు అనగానే నీ నోట మాట రాదు. అలాంటప్పుడు 'మా పెద్దనాన్న ఒప్పుకోవడం లేదండీ' అని నెపం నా మీద పెట్టేయ్. ఈ వయసులో ముక్కూ మొహం తెలియనివాళ్లు నన్ను చాదస్తుడనుకుంటే నాకేం పోయింది?

సున్నాలు చుట్టిన పేజీలు ఫోటో తీసి శనివారంలోగా పంపు. కాస్త పెద్ద అక్షరాలు కనిపించేలా తీయి, కళ్లద్దాలు మార్చుకోవాలి నేను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న