బొమ్మలాట సంఘంలో వాలంటీరుగా చేరితే ఏం నేర్పుతారు?

జీతాలు తీసుకోకుండా సభ్యులే నడుపుకునే బొమ్మలాట సంఘం వాళ్లు రమ్మంటున్నారు, చేరితే బొమ్మలాడించడం నేర్పుతారా అని అడిగారు. నేర్పుతారు. కాకపోతే ముందు చిక్కులు తీయడం నేర్పుతారు. ఈ సంగతి మీకెవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా.

అలాంటి సంఘంలో నేను ఆరేళ్లుగా ఉన్నాను. ఒకసారి మార్చి 21న, అదే ప్రపంచ బొమ్మలాట దినోత్సవం రోజున, ప్రదర్శన పెట్టాం. చప్పట్లు, ఫొటోలు, తెర వెనక్కి దూరి బొమ్మల్ని లాగే పిల్లలు, అంతా సందడే. తాళ్లతో ఆడించే బొమ్మని దాచడానికి ఒక పద్ధతుంది. పైనున్న చెక్క పట్టుకుని బొమ్మని గాల్లో గిర్రున తిప్పితే తాళ్లన్నీ జడలా పేనుకుంటాయి, అప్పుడు గుడ్డసంచి తొడిగి తగిలించాలి. బొమ్మకి ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఎవరికీ దొరకలేదు. పదకొండు బొమ్మల్నీ ట్రంకుపెట్టెలో పడేసి అందరూ ఫొటోకి పరిగెత్తారు. అబద్ధమెందుకు, ఆ ఫొటోలో నేనూ ఉన్నాను.

రెండు నెలల తర్వాత పెట్టె తెరిచి ఒక బొమ్మని పైకి లాగితే నాలుగు లేచాయి! ఒక్కో బొమ్మకి తాళ్లు తలకి రెండు, భుజాలకి రెండు, చేతులకి రెండు, మోకాళ్లకి రెండు, నడుముకి ఒకటి, మొత్తం తొమ్మిది. పదకొండు బొమ్మలకి తొంభై తొమ్మిది తాళ్లు. ముగ్గురం పొద్దున కూర్చుంటే లేచేసరికి చీకటి పడింది. మీటింగుల్లో నోరు విప్పని ఒక పెద్దావిడ ఆ రోజంతా ఒకటే మాట, "కత్తెర ముట్టుకోకండి". చివరికి రాజుగారి బొమ్మ దగ్గర నేనే ఓపిక చచ్చి కత్తిరించాను. మళ్లీ కట్టినప్పుడు తాడు పొడవు కొంచెం తేడా వచ్చింది, అప్పట్నుంచి ఆయన ఎడమకాలు ఈడ్చుకుంటూనే నడుస్తున్నారు. చూసేవాళ్లు అది కథలో ఉందనుకుంటున్నారు.

మేం అక్కడ చిక్కులు తీస్తుంటే మా వాట్సాప్ గ్రూపులో ఏం నడుస్తోందో తెలుసా? లోగో నీలం రంగులో ఉండాలా ఎరుపులో ఉండాలా అని చర్చ. ఉన్నదే పద్నాలుగు మందిమి, అందులో ఎనిమిది మందికి పదవులు. ఉపాధ్యక్షులే ఇద్దరు! సంచులు తొడిగే పదవి మాత్రం లేదు.

డబ్బుల్లేక సంఘాలు మూతపడతాయంటారు, నేనొప్పుకోను. అలా మూతపడ్డదాన్ని నేను ఒక్కటీ చూడలేదు. (దగ్గరగా చూసినవి మూడే అనుకోండి.) 1929లో ప్రాగ్‌లో పుట్టిన యునిమా, అంటే అంతర్జాతీయ బొమ్మలాట సంఘం, యుద్ధంతో ఆగిపోయి కూడా 1957లో మళ్లీ లేచింది, ఇప్పటికీ చాలావరకు వాలంటీర్ల చేతుల మీదే నడుస్తోంది. బ్రిటన్ వాళ్ల బొమ్మలాట సంఘమైతే 1925 నాటిది. ఇన్నేళ్లు నిలబడ్డాయంటే అక్కడ ఎవరో ఒకరు ఆట అయ్యాక ఆగి సంచులు తొడుగుతున్నారన్నమాటే. ఆధారం అడగకండి, నాకు తెలుసంతే.

కాబట్టి చేరే ముందు కార్యవర్గం జాబితా చూడకండి, బొమ్మల పెట్టె తెరిచి చూపించమనండి. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే ముగ్గురు మూడు పేర్లు చెప్పారనుకోండి, ఓ నెల ఆగండి. మా పెట్టె తాళంచెవి ఆ పెద్దావిడ దగ్గరే ఉంటుంది. నేనడిగినా ఇవ్వదు.