ఎన్నడూ కలవని మనిషి కోసం ఏడవడం తప్పా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్ దగ్గర ఒక గోదాములో రాత్రి షిఫ్టు చేస్తాను. శుక్రవారం పొద్దుపోయాక బీబీసీ రేడియో 2లో వ్యాఖ్యాత జానీ వాకర్ చేసే రాక్ షో వినడం ఏళ్ల అలవాటు. ఆయన పోయినప్పటి నుంచి ఆ వేళకు గుండె బరువెక్కుతోంది. ఇంటికి వస్తూ కారులో ఏడుస్తున్నాను. ‘మామయ్యగారు పోయినప్పుడు కూడా మీరింత ఏడవలేదు’ అంది నా భార్య. నిజమే. కరోనా రోజుల్లో నాన్న గుంటూరులో ఊపిరి అందక పోయారు. నేను వెళ్లలేకపోయాను. పరాయి మనిషి కోసం ఈ కన్నీళ్లేమిటని సిగ్గుగా ఉంది.

జవాబు: ముందు ఆ సిగ్గు వదిలేయండి. ఊరుకాని ఊరిలో, లోకమంతా నిద్రపోయే వేళ వారం వారం తోడున్న గొంతు పరాయిది ఎలా అవుతుంది? శ్రోతకు ఇలా ఏర్పడే దగ్గరితనం గురించి హార్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. అంతదాకా ఎందుకు, 2024 ఫిబ్రవరిలో రేడియో వ్యాఖ్యాత అమీన్ సయానీ కన్నుమూసినప్పుడు, రేడియో సిలోన్‌లో ఆయన హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా వింటూ పెరిగిన పెద్దవాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టే బాధపడ్డారు.

వాకర్ విషయంలో ఇంకొకటి ఉంది. 1966లో సముద్రం మీద ఓడల్లో నడిచే రేడియోల నుంచి కుర్రకారుకు పాటలు వినిపించిన ఆ గొంతు, చివరి రోజుల్లో ఆయాసపడుతూ మీ చెవిన పడింది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతో ఇంట్లో కూర్చునే కార్యక్రమాలు చేశారాయన. 2024 అక్టోబరు 27న, తాను ఆదివారాల్లో చేసే మరో కార్యక్రమం చివరిసారి చేసి, 58 ఏళ్ల రేడియో జీవితానికి సెలవు చెప్పి, డిసెంబరు 31న 79 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. మాటకూ మాటకూ మధ్య ఆ ఆయాసం మీకు ఎవరిని గుర్తుచేసి ఉంటుందో వేరే చెప్పాలా? అలాగని ‘మీరు ఏడ్చేది నిజానికి నాన్న కోసమే’ అని నేను తేల్చేయను. అలా అంటే వాకర్ మీద మీ అభిమానం ఉత్తదైపోతుంది. ఇద్దరి కోసమూ ఏడుస్తున్నారు. ఏడవండి.

కానీ కారులో ఒంటరిగా వద్దు. మీ ఆవిడ మాటలో నాకు దెప్పడం కన్నా నొచ్చుకోవడమే ఎక్కువ వినిపించింది. అప్పుడు మీరు దుఃఖం బిగబట్టుకుని ఉంటే, మీ ముందు ఆమె కూడా మామగారి కోసం ఏడవలేకపోయి ఉండవచ్చు. 2013లో భార్య టిగీకి రొమ్ము క్యాన్సర్ వస్తే వాకర్ సేవ చేశారు. తరవాత ఆయన్ను ఆమె చూసుకున్నారు. ఆ కష్టం గురించి ఇద్దరూ రేడియోలోనే దాపరికం లేకుండా మాట్లాడారు. మీ ఇంట్లో ఆ మాటలు ఇంకా మొదలే కాలేదు.

ఈ వారమే ఇంటికి ఫోన్ చేసి, నాన్నగారి దగ్గర చివరివరకూ ఎవరున్నారో వాళ్లను ఆ రోజుల గురించి అడగండి. మీరు బాధపడతారని వాళ్లూ, వాళ్లు బాధపడతారని మీరూ ఇన్నేళ్లు ఆ ఊసే ఎత్తి ఉండరు. ఆఖరున ఏమి తిన్నారు, ఎవరిని పిలిచారు, మీ గురించి ఏమన్నారు? ఈ చిన్న సంగతులే మీకు కావలసినవి. మాట్లాడేటప్పుడు మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి. వచ్చే తద్దినానికి ఊరు వెళ్లే వీలుంటే ఇద్దరూ కలిసి వెళ్లండి.

శుక్రవారం రాత్రి రేడియో పెట్టబుద్ధి కాకపోతే పెట్టకండి. ఎప్పుడైనా పెట్టాలనిపించి, అక్కడ మరో గొంతు నచ్చితే అది వాకర్‌కు చేసే ద్రోహమేమీ కాదు.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, పనిలో ధ్యాస తప్పడం వారాల తరబడి సాగితే మాత్రం ఆలస్యం చేయవద్దు. రాత్రిపూట పనిచేసి తెల్లవారుజామున కారు నడిపే మనిషి మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వారి టాకింగ్ థెరపీస్‌కు, అంటే మాటల ద్వారా చేసే మానసిక చికిత్సకు, డాక్టరు చీటీ లేకుండా మీరే పేరు నమోదు చేసుకోవచ్చు. ఖర్చేమీ ఉండదు.