ఇల్లు రక్షించారా, దక్కించుకున్నారా?

సందేహం: మా పిల్లలు బడిలో ఆడటానికి నాటిక రాశారు. తాతల నాటి మిద్దె తమదేనని పొరుగాయన దావా వేస్తాడు. అసలు క్రయపత్రం ఏ ఏటిదో ఒక తాటాకు మీద 'గజ గిరి గిరి చంద్ర' అని మాత్రం ఉంటుంది. పిల్లలు దాన్ని 8771గా చదివారు. 'ప్రహేళికను పరిష్కరించి ఇంటిని రక్షించారు' అని ముగించారు. ఇది సరేనా? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

సమాధానం: ముందు లెక్క. ఇవి భూతసంఖ్యలు, అంటే అంకెలకు బదులు వాడే మాటలు. చంద్రుడు ఒక్కడే కనుక 1, కులపర్వతాలు ఏడు కనుక గిరి 7, దిగ్గజాలు ఎనిమిది కనుక గజం 8. పిల్లలకు అంకెలన్నీ సరిగ్గానే దొరికాయి, వరుసే తిరగబడింది. 'అంకానాం వామతో గతిః' అని సూత్రం: మొదట చెప్పిన మాట ఒకట్ల స్థానానిది, తర్వాతివి ఎడమకు సాగుతాయి. కాబట్టి అది 1778. శకాబ్దం (శాలివాహన శక సంవత్సరం) కనుక 78 కలిపితే క్రీ.శ. 1856. తిథి జనవరికీ ఉగాదికీ మధ్యదైతే మాత్రం 79 కలపాలి.

ఇక్కడితో ఆగనివ్వకండి. కొన్ని మాటలకు రెండు విలువలున్నాయి. 'సాగర' సాధారణంగా 4, ఒక్కోచోట 7. అందుకే పాత పత్రాల్లో సంవత్సరం పేరుతో సరిచూసుకుంటారు. శకాబ్దానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషమే ప్రభవ నుంచి వరుస సంఖ్య (శేషం సున్నా అయితే అక్షయ). 1778కి 12 కలిపితే 1790, దాన్ని 60తో భాగిస్తే శేషం 50, అంటే నల. తాటాకు మీద 'నల' అని కూడా చేర్పించండి. పిల్లలు రంగస్థలం మీదే లెక్క సరిచూసుకుంటే చూసేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఇక మాటలు. ప్రహేళిక తప్పు కాదు. దండి కావ్యాదర్శంలో పదహారు రకాలు చెప్పాడు. కానీ పిల్లల నోట బరువు. పొడుపు కథ అందామా అంటే, 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు' అన్నట్టు వస్తువును దాచి అడిగేదే పొడుపు కథ. దాన్ని ఒకరు పొడిస్తే ఇంకొకరు విప్పుతారు, జవాబు విడుపు. ఇక్కడ దాచింది అంకె. 'తాటాకు గుట్టు విప్పారు' అంటే చక్కగా అతుకుతుంది.

'రక్షించారు' మాత్రం మార్చాల్సిందే. మంటల నుంచో వరద నుంచో అయితే కాపాడతాం. కుదువ పెట్టినదైతే విడిపించుకుంటాం. దావాలో పోబోయే సొత్తును దక్కించుకుంటాం. ఇల్లు వాళ్లదే కనుక 'దక్కించారు' కూడా చాలదు, తమకోసమే అని చెప్పే ఆ 'కొను' ఉండి తీరాలి. 'తాటాకు గుట్టు విప్పి మిద్దె దక్కించుకున్నారు' అని రాయించండి. మీ సీమ మాట 'మిద్దె'ను 'ఇల్లు'గా మార్చవద్దు.