ప్లేటు వేసిన కాలు మానట్లేదు, మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి కడగాలంటున్నారు. అవసరమా?

మీ అన్నయ్యకి డ్రెస్సింగ్‌లో రోజూ సెలైన్ పోసి కడుగుతూనే ఉన్నారు, యాంటీబయాటిక్ మారిస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదండీ. నేను ఆర్థో థియేటర్‌లో స్టాఫ్ నర్సుని, పేషెంటు తాలూకు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నే ఇది.

క్రిములు ప్లేటుకో చచ్చిన ఎముకకో అతుక్కుని పైన జిగురు కప్పుకున్నాక మందు వాటిని పెద్దగా ఏమీ చేయలేదు. డాక్టర్లు బయోఫిల్మ్ అనేది దాన్నే.

ఆమధ్య ఒక కుర్రాడొచ్చాడు. బైక్ మీంచి పడి మోకాలి కింద ఎముక బయటికొస్తే వేరే ఊళ్ళో ప్లేటు వేశారట. చూడ్డానికి పుండు నోరు చిన్నదే, చుక్క చుక్క చీము కారుతోంది అంతే. తెరిచాక చూస్తే ప్లేటు పొడుగునా నీళ్ళ తొట్టికి పాచి పట్టినట్టు పలచటి పొర! సెలైన్ పోస్తే పైనుంచి జారిపోయింది తప్ప పొర కదల్లేదు. మా సార్ ప్లేటు తీసేసి క్యూరెట్‌తో, అంటే చెంచాలాంటి గీకుడు పనిముట్టుతో, గీకడం మొదలుపెట్టారు. రక్తం లేక తెల్లగా పాలిపోయిన ఎముకని ఎర్రటి చుక్కలు కనబడేదాకా గీకుతూనే ఉన్నారు, లోపలి ముక్కలు ఐదు వేర్వేరు సీసాల్లో కల్చర్‌కి, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకి, పంపారు. ఆ తర్వాతే మూడు లీటర్ల సెలైన్ బ్యాగులు స్టాండుకి వేలాడదీసి ఒకదాని తర్వాత ఒకటి వదిలాం. అది అయ్యాక గౌన్లు, గ్లవుజులు, సామాను అన్నీ మార్చి బయట నుంచి రాడ్లు బిగించారు. ఇదంతా వార్డులో మంచం మీద ఎవరు చేస్తారు చెప్పండి?

బయట బిల్లు చూసి వాళ్ళ మావయ్య "ఉప్పు నీళ్ళకి ఇంతా?" అన్నాడు. అదే మనిషి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి బుసబుసా నురగొస్తే మాత్రం ఆహా అంటాడు. ఆ నురగ కొత్తగా వచ్చే కండని కూడా పాడు చేస్తుంది. పసుపు, కాఫీపొడి అద్దుకుని వచ్చేవాళ్ళ గురించి ఇక చెప్పను.

సెలైన్‌ని జెట్‌తో గట్టిగా కొడితే మేలు కదా అని కూడా అంటారు. ఎముక బయటపడ్డ గాయాల మీద 2015లో ఫ్లో అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి, 2,400 మందికి పైగా పేషెంట్లు. ప్రెషర్ పెంచినందువల్ల లాభం కనబడలేదు, పైగా సబ్బు నీళ్ళతో కడిగిన వాళ్ళకే మళ్ళీ ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. అవి తాజా గాయాలే అనుకోండి, పాతవాటికైనా నా మాట అదే: పని చేసేది గీకుడు, నీళ్ళు కాదు.

గీకినా ఆ పొర రెండు మూడు రోజుల్లో మళ్ళీ గట్టిపడిపోతుంది, మందు బాగా పట్టేది ఆలోపే. అందుకే రెండోసారి కూడా థియేటర్‌కి రమ్మంటే డబ్బు గుంజుతున్నారని గొడవకి దిగకండి. కల్చర్‌కి ముందు కొన్నాళ్ళు యాంటీబయాటిక్ ఆపమన్నా కంగారు పడొద్దు, క్రిమి దొరకాలనే ఆపమంటారు. ప్లేటు ఉంచుతారా తీస్తారా అని మాత్రం ముందే అడగండి.

ఇంకోటి, ఇంత చేశాక వార్డు బాత్రూమ్‌లో బీడీ తాగుతూ దొరికేవాళ్ళుంటారు, తెచ్చిచ్చేది ఇంట్లోవాళ్ళే. పొగ తాగేవాళ్ళకి ఎముక అతకడమే ఆలస్యం. మీ అన్నయ్యకి ఆ అలవాటుంటే ముందు అది మాన్పించండి, సెకండ్ ఒపీనియన్ సంగతి తర్వాత.