చిన్నాకి, ఇన్సూరెన్స్ ఆగిపోయే ముందు

చిన్నా,

నిన్న ఫోన్లో ఉద్యోగం పోతోందని గంటసేపు మాట్లాడావు. వారానికొకటి వేసుకునే షుగర్ ఇంజెక్షన్ గురించి మాత్రం ఒక్క మాటే అన్నావు. "మౌంజారో ఇంకా రెండు పెన్నులున్నాయి పెద్దమ్మా, పది రోజులకోటి వేసుకుని సరిపెడతా" అని. ఆ మాటకి రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

19 ఏళ్ళు ఇక్కడ అమెరికాలో ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడినదాన్ని. ఇన్సూరెన్స్ కార్డు పనిచెయ్యట్లేదని చెప్పగానే మందుల సంచి అక్కడే వదిలేసి తల దించుకుని వెళ్ళిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. అయినా నేను పాఠం నేర్చుకున్నది కౌంటర్ దగ్గర కాదు, మా ఇంట్లోనే. 2009లో మీ పెదనాన్నకి లేఆఫ్ అయింది. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఊరమిరపకాయల డబ్బా కోసం పై అర వెతుకుతుంటే వెనకాల చిన్న స్టీలు గిన్నె కనపడింది. దాన్నిండా సగం సగం మాత్రలు. కూరగాయల కత్తితో కోసినట్టున్నారు, అంచులు చిట్లిపోయి గిన్నె అడుగున తెల్లటి పొడి. అవి ఆయన షుగర్‌కి వేసుకునే ఈఆర్ (ఎక్స్‌టెండెడ్ రిలీజ్) మాత్రలు. కడుపులో నెమ్మదిగా కరగాల్సినవి, కోస్తే మందంతా ఒక్కసారే దిగిపోతుంది. అప్పటికే ఆయన పాదం మీద పుండు మానకుండా ఉంది. నాకు చెప్పకుండా మేజోడు వేసుకుని తిరుగుతున్నారు. వారం తిరక్కుండానే ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఆ బిల్లు తీర్చడానికి మాకు రెండేళ్ళు పట్టింది. ఆయన మిగిల్చింది నెలకి పది డాలర్లు కూడా కాదు.

అందుకని నీకు చెప్పే మొదటి మాట ఇదే. డోసు నీ అంతట నువ్వు సాగదీయకు. తగ్గించాల్సి వస్తే డాక్టర్ తగ్గించాలి. ఇంకోటి, అమ్మాయికి, అదే మీ ఆవిడకి, తెలియకుండా ఏదీ చెయ్యకు.

ఉద్యోగంలో నీ ఆఖరి రోజు 31 అన్నావు. ఇన్సూరెన్స్ ఆ రోజుతోనే ఆగుతుందా, ఇంకేదైనా తేదీ దాకా ఉంటుందా అని హెచ్‌ఆర్‌ని అడిగి మెయిల్లో రాయించుకో. ఈలోపు డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కిడ్నీ పరీక్ష, కళ్ళ పరీక్ష ఇప్పుడే చేయించుకో. మందులు 90 రోజులకి రాయమను. ఎఫ్‌ఎస్‌ఏలో, అంటే వైద్యం ఖర్చులకి జీతంలోంచి పక్కన పెట్టే ఖాతాలో, డబ్బుంటే ఆఖరి రోజులోపు వాడెయ్యి. జీతంలోంచి ఇంకా కట్ అవ్వకపోయినా సంవత్సరానికి నువ్వు రాసిచ్చిన మొత్తమంతా వాడుకోవచ్చు.

ఇప్పుడు నీ ముందు రెండు అరవైలున్నాయి. హెచ్1 వీసా మీద ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ 60 రోజుల వరకు. ఇన్సూరెన్స్ పోయాక మార్కెట్‌ప్లేస్‌లో, అంటే సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైట్‌లో, కొత్త ప్లాన్ తీసుకోవడానికి 60 రోజులు. మనవాళ్ళంతా మొదటి అరవై టెన్షన్‌లో పడి రెండోదాన్ని మరిచిపోతారు. మీ టెక్సస్ వాళ్ళకి హెల్త్‌కేర్ డాట్ గవ్‌లోనే అప్లికేషన్. కవరేజీ పోకముందే పెట్టుకోవచ్చు, పెడితే ఒకటో తారీకు నుంచే కొత్త ప్లాన్ మొదలవుతుంది. షుగర్ ఉందని నిన్ను కాదనడానికి 2014 నుంచి ఆ ప్లాన్లకి వీల్లేదు. ప్లాన్ ఎంచుకునేటప్పుడు ప్రీమియం ఒక్కటే చూడకు, వాళ్ళ మందుల జాబితా తెరిచి మౌంజారో పేరు వెతుకు. జాబితాలో ఉన్నా డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనం కట్టాల్సిన మొత్తం) అయ్యేదాకా పూర్తి ధర కట్టాల్సి రావచ్చు, అది కూడా లెక్కేసుకో. నెట్‌లో చవగ్గా కనపడే షార్ట్ టర్మ్ ప్లాన్ల జోలికి పోకు. అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ లాగే, ముందే ఉన్న జబ్బుకి అవి మామూలుగా డబ్బివ్వవు.

కోబ్రా, అంటే పాత కంపెనీ ఇన్సూరెన్సునే సొంత డబ్బుతో కొనసాగించుకోవడం, నెలకి అంత కట్టలేను అన్నావు. నిజమే, కంపెనీ కట్టే వాటా కూడా నువ్వే కట్టాలి, దానిమీద 2 శాతం అదనం. కానీ తీసుకుంటానో లేదో చెప్పడానికి 60 రోజుల గడువుంటుంది. చెప్పాక మొదటి ప్రీమియం కట్టడానికి ఇంకో 45 రోజులు. ఎప్పుడు తీసుకున్నా కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, ప్రీమియం కూడా ఆ రోజు నుంచే కట్టాలి. కాబట్టి ఆ కాగితం పారెయ్యకు. ఈ మధ్యలో ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో పడితే అదే ఆదుకుంటుంది. ఒక్క జాగ్రత్త. కోబ్రా తీసుకుని, ఆ 60 రోజులు దాటాక కట్టలేక మానేస్తే, దాని పేరు మీద మార్కెట్‌ప్లేస్ తలుపు తెరుచుకోదు. మళ్ళీ నవంబర్ దాకా ఆగాలి.

ఇక మందుల సంగతి. మౌంజారో లేకపోతే షుగర్ ఆగదనుకుంటున్నావు. అది వచ్చింది 2022లో, నాన్నా. అంతకుముందు కూడా మనవాళ్ళు షుగర్‌ని అదుపులో పెట్టుకున్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ లాంటి జెనరిక్‌లు వాల్‌మార్ట్‌లో ఇన్సూరెన్స్ లేకుండానే దొరుకుతాయి. వాళ్ళ జాబితాలో ఉన్న డోసులు 30 రోజులకి 4 డాలర్లు, 90 రోజులకి 10 డాలర్లు. "ఇంజెక్షన్ దొరకని నెల వస్తే ఏం వేసుకోవాలో ఇప్పుడే రాసివ్వండి" అని డాక్టర్ని అడుగు. గ్లిమెపిరైడ్ రాస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలని అమ్మాయికీ చెప్పు. షుగర్ చూపించే సెన్సర్ ఖరీదైతే మామూలు మీటర్, స్టోర్ బ్రాండ్ స్ట్రిప్స్ చాలు.

ఇంజెక్షన్ వదల్లేకపోతే ఒక దారి ఉంది. మౌంజారోలో ఉన్న టిర్జెపటైడే జెప్‌బౌండ్‌లోనూ ఉంది. అది బరువు కోసం అమ్ముతారు. దాని వయల్స్‌ని (సిరంజితో లాగి వేసుకునే సీసాలు) రెండిటినీ తయారుచేసే లిల్లీ కంపెనీ ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి నేరుగా అమ్ముతుంది. 2025 డిసెంబర్‌లో తగ్గించాక, డోసుని బట్టి నెలకి 299 నుంచి 449 డాలర్లు. పెద్ద డోసులకి ఆ ధర నిలవాలంటే 45 రోజుల్లోపు మళ్ళీ ఆర్డర్ పెట్టాలి. ఈ ధరలు మారుతుంటాయి, కొనే రోజు చూసుకో. నీకు అది సరిపోతుందా అన్నది డాక్టరే తేల్చాలి. ఇన్నాళ్ళూ 25 డాలర్లకి ఇప్పించిన సేవింగ్స్ కార్డు మాత్రం ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకే, దాన్ని నమ్ముకోకు.

వాట్సాప్‌లో ఎవరో పంపిన 150 డాలర్ల కాంపౌండెడ్ మందు, అంటే ఫార్మసీల్లో కలిపి చేసే నకలు, వద్దు. టిర్జెపటైడ్ కొరత తీరిందని మందుల్ని అదుపుచేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబర్‌లోనే చెప్పింది, ఆ నకళ్ళు చెయ్యడానికి ఇచ్చిన వెసులుబాటూ అయిపోయింది. సిరంజిలో ఎన్ని యూనిట్లు లాగాలో తెలియక ఎక్కువ డోసు వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు.

మీ అమ్మ ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెన్నులు తెప్పించుకుంటానన్నావు కదా. అక్కడ అమ్మే పెన్నుకి ఇక్కడ అనుమతి లేదు, తేవడమే ఒక చిక్కు. పైగా అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట పెడితే 30 డిగ్రీల లోపు, కొద్ది వారాలే. చెకిన్ సూట్‌కేసులో పెట్టి గడ్డకట్టిందా, ఇక పారెయ్యడమే. మీ అమ్మని ఆ కంగారులో పెట్టకు.

రెండు మూడు వారాలు ఇంజెక్షన్ ఆగిపోతే, మళ్ళీ దొరికిన రోజున పాత డోసుతో మొదలుపెట్టకు. వాంతులు పట్టుకుంటాయి. డాక్టర్‌కి ఫోన్ చేసి అడుగు. ఆగిన రోజుల్లో ఆకలి తిరిగొస్తుంది, గట్టిగా వస్తుంది. మౌంజారో లాంటిదే ఇంకో ఇంజెక్షన్, సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళని గమనించిన ఒక అధ్యయనంలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చింది. అది నీ చేతగానితనం కాదు, శరీరం తీరు అంతే. అన్నం కప్పుతో కొలుచుకుని పెట్టుకో, పప్పు, గుడ్డు, కూర ఎక్కువ వేసుకో. రాత్రి తిన్నాక పిల్లని తీసుకుని అలా ఒక చుట్టు నడిచి రా. బరువు కాస్త పెరిగినా పరవాలేదు, తర్వాత చూసుకోవచ్చు. షుగర్‌ని మాత్రం వదలకు.

డబ్బు మరీ కటకటగా ఉంటే, ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మీ ఊరి దగ్గర ఏదుందో వెతుకు. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. అక్కడ కూర్చోవడానికి సిగ్గుపడకు. ఇన్నేళ్ళు పన్నులు కట్టినవాడివి.

రేపు పొద్దున్నే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకో, ఆ రెండు పెన్నులూ ఎప్పటిలాగే వారానికొకటి వేసుకో. శనివారం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి. మార్కెట్‌ప్లేస్ ఫారం ముగ్గురం కలిసి నింపుదాం.

మీ పెద్దమ్మ