కొలెస్ట్రాల్ పెరిగిందని బీపీ మాత్ర హఠాత్తుగా ఆపకండి

మీ నాన్నగారు ఎటెనొలాల్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టిన నాలుగు నెలలకు ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెరిగాయని, మాత్ర ఆపేస్తే సరిపోతుందా అని అడిగారు. మీ అనుమానంలో నిజం ఉంది. అయినా డాక్టరుకు చెప్పకుండా ఆ మాత్ర మాన్పించవద్దు. మా ఇంట్లో జరిగింది అదే.

అమ్మకు అప్పుడు 58 ఏళ్లు. ఎటెనొలాల్, దానితోపాటు హైడ్రోక్లోరోథయజైడ్ అనే థయజైడ్ రకం బీపీ మాత్ర (ఒంట్లో నీరు, ఉప్పు మూత్రంలో పోయేలా చేసేది) వేసుకునేది. ట్రైగ్లిజరైడ్లు 160 నుంచి 238కి చేరాయి. అంతా ఆ మాత్రల వల్లేనని చుట్టాలెవరో అనడంతో, మాకు చెప్పకుండా రెండూ మానేసింది. నాలుగో రోజు తెల్లవారుజామున పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నాయి, అమ్మ గట్టు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. గుండె దడ, ఒళ్లంతా చెమట. ఆసుపత్రిలో చూస్తే బీపీ 190/110. గుండెపోటు కాదని తేలేదాకా మా ప్రాణాలు మా దగ్గర లేవు.

ఎటెనొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పెంచే అడ్రినలిన్ హార్మోన్ ప్రభావాన్ని అణచి ఉంచుతాయి. ఒక్కసారిగా ఆపితే ఆ ప్రభావం ఎదురుతిరిగి మీద పడుతుంది. గుండె రక్తనాళాల్లో అప్పటికే పూడికలు ఉన్నవారికి గుండెపోటే రావచ్చు. అందుకే మార్చాల్సి వచ్చినా డాక్టర్లు వారం, రెండు వారాలపాటు మోతాదు తగ్గిస్తూ వస్తారు.

ఇక కొలెస్ట్రాల్ సంగతి. పాత బీటా బ్లాకర్లు ట్రైగ్లిజరైడ్లను కొంత పెంచుతాయి, మంచి కొలెస్ట్రాల్‌ను కాస్త తగ్గిస్తాయి. నెబివొలాల్, కార్వెడిలాల్ అనే కొత్త బీటా బ్లాకర్లతో ఆ ఇబ్బంది దాదాపు లేదు. థయజైడ్లు ఎక్కువ మోతాదులో చెడు కొలెస్ట్రాల్‌ను, చక్కెరను కొద్దిగా పెంచుతాయి, పొటాషియంను తగ్గిస్తాయి. 12.5 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదులో ఆ మార్పు స్వల్పం. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, ఆమ్లోడిపిన్ అనే వేరే రకాల బీపీ మందులు కొలెస్ట్రాల్ జోలికి పెద్దగా పోవు.

నాకు ధైర్యమిచ్చింది 2002లో ఫలితాలు వెలువడిన ఆల్‌హాట్ అనే అమెరికా అధ్యయనం. అందులో 33,000 మందికి పైగా పాల్గొన్నారు. క్లోర్‌థాలిడోన్ అనే థయజైడ్ తరహా మందు వాడినవారిలో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువగానే ఉంది. కానీ గుండెపోట్లు మాత్రం ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్ వాడినవారి కంటే ఎక్కువ కాలేదు. బీపీని అదుపులో ఉంచడం వల్ల గుండెకు కలిగే మేలు ముందు ఆ కాస్త పెరుగుదల చిన్నదే.

అమ్మకు తర్వాత ఆమ్లోడిపిన్ ఇచ్చారు. సాయంత్రానికి చీలమండలు వాచి, కాళ్ల పట్టీల అచ్చు చర్మం మీద పడేది. చివరికి టెల్మిసార్టాన్ పడింది. రాత్రి అన్నం తగ్గించి, రోజూ నడిచాక ట్రైగ్లిజరైడ్లు 170కి దిగాయి. అందులో మందు మార్పు వాటా ఎంతో, నడక వాటా ఎంతో చెప్పలేను.

నాన్నగారి రక్తం పరగడుపున తీశారా? ముందురోజు విందు భోజనమో, మద్యమో ఉందా? చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించారా? ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి ఇవన్నీ కారణాలే. వారం రోజుల బీపీ అంకెలు కాగితం మీద రాసుకుని, రిపోర్టుతోపాటు మాత్రల స్ట్రిప్పు కూడా డాక్టరుకు చూపించండి. ఈలోగా రేపటి మాత్ర మానకుండా వేయించండి.