మీ వారు పని బట్టలతోనే ఇంట్లోకి వస్తారా?

ప్రశ్న: మా ఇంటికి దగ్గర్లో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే యూనిట్ ఉంది. మా వారు అందులోనే పని చేస్తారు. మా బాబుకు నాలుగేళ్లు. ఆర్నెల్లుగా కడుపునొప్పి అంటున్నాడు, సరిగ్గా తినడు, మలబద్ధకం, ఊరికే చిరాకు పడతాడు. నులిపురుగుల మందు రెండుసార్లు వేశాం, తగ్గలేదు. పొగ వల్లేమో అని బయటికి వెళ్తే మాస్క్ పెడుతున్నాం. అది సరిపోతుందా? మా వారు పని మానేస్తే ఇల్లు గడవదు.

జవాబు: మాస్క్ సంగతి పక్కన పెట్టండమ్మా. మీ వారు అక్కడే పని చేస్తారన్నారు కదా, నా అనుమానం ముందు అటే పోతోంది. ఈ వయసు పిల్లల ఒంట్లోకి సీసం పొగతో కంటే దుమ్ముతోనే ఎక్కువ వెళ్తుంది. బట్టలకు, చెప్పులకు, జుట్టుకు అంటుకుని ఇంటికొచ్చిన పొడి నేల మీద పడుతుంది, పిల్లాడు అక్కడే ఆడుకుని ఆ చేతులు నోట్లో పెట్టుకుంటాడు. పైగా నోట్లోకి వెళ్లిన సీసాన్ని పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది చిన్నపిల్లల ఒళ్లు.

మీరు చెప్పిన లక్షణాలన్నీ సీసానికి సరిపోతాయి, కానీ ఇంకో పది జబ్బులకూ సరిపోతాయి. అందుకే ఊహించుకుని టెన్షన్ పడకుండా రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి. వేలి చివర గుచ్చి తీస్తే చేతి మీది దుమ్ము కలిసి అంకె తప్పుగా పెరగొచ్చు, కాబట్టి నరం నుంచే తీయమనండి. దాంతోపాటు హిమోగ్లోబిన్, ఐరన్ కూడా చూడమనండి, ఎందుకంటే ఐరన్ తక్కువున్న పిల్లలు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు. మీ వారికీ చేయించాలి. మీరు గర్భవతి అయితే మీకు మరీ ముఖ్యం, సీసం తల్లి నుంచి కడుపులో బిడ్డకు చేరుతుంది.

సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదు. డెసిలీటరు (అంటే 100 మిల్లీలీటర్లు) రక్తానికి 5 మైక్రోగ్రాములు దాటితే అది ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల్లో 45 దాటితే సీసాన్ని మూత్రంలో బయటికి పంపే మందులు ఆసుపత్రిలో వాడతారు. ఆ మందులు సొంతంగా వాడేవి కావు. డీటాక్స్ పొడులు అసలే వద్దు, కొన్ని సంప్రదాయ మందుల్లో సీసమే దొరికిన సందర్భాలున్నాయి. బాబు మగతగా ఉన్నా, ఆగకుండా వాంతులైనా, ఫిట్స్ వచ్చినా పరీక్ష కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇంట్లో దుమ్ము ఆపకుండా మందులు వాడితే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. నైజీరియాలోని జంఫారాలో 2010లో బంగారం కోసం ఖనిజాన్ని పొడి కొట్టే ఊళ్లలో సీసం విషమై వందల మంది పిల్లలు చనిపోయారు. అక్కడ డాక్టర్లు చికిత్సకు పెట్టుకున్న షరతు ఒకటే, ముందు ఇళ్లు, ముంగిళ్లు శుభ్రం కావాలి అని. మీ ఇంట్లో అది ఈరోజే మొదలుపెట్టొచ్చు. మీ వారు పనిచోటే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి, కుదరకపోతే కనీసం చెప్పులు, బట్టలు గుమ్మం బయటే విప్పాలి. ఆ బట్టలు దులపకుండా విడిగా ఉతకండి. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది, తడిగుడ్డతోనే తుడవండి. తినేముందు బాబు చేతులు సబ్బుతో కడగండి. పాలు, ఆకుకూరల్లాంటివి మంచివే, కానీ మందుకు బదులు కావు.

పాత బ్యాటరీని పారేయకుండా కరిగించి మళ్లీ వాడటం తప్పేం కాదు, నిజానికి పర్యావరణానికి మంచిదే. పొగగొట్టానికి ఫిల్టర్ లేకుండా, ఆసిడ్ నేల మీదే పారబోస్తూ, కూలీకి స్నానాల గది కూడా ఇవ్వకుండా చేయడం దగ్గరే నాకు కోపం వస్తుంది. ఆ ఖర్చు మిగుల్చుకునేది యజమాని, కట్టేది మీ పిల్లాడు. కెన్యాలో మొంబాసా దగ్గర ఇలాంటి యూనిట్‌లో పనిచేసిన ఫిలిస్ ఒమిడో తన బిడ్డ జబ్బు పడి, రక్తంలో సీసం ఉందని తేలాక పోరాటానికి దిగారు. చివరికి యూనిట్ మూతపడింది, 2020లో అక్కడి కోర్టు ఆ బస్తీకి 130 కోట్ల షిల్లింగుల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. మిమ్మల్ని అంత దూరం వెళ్లమనడం లేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది కాబట్టి ఒక్కరే కాకుండా చుట్టుపక్కల నలుగురి పిల్లలకూ పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులు జతచేసి కాలుష్యం చూసే ప్రభుత్వ శాఖకు అందరి సంతకాలతో రాయండి. యూనిట్ మూసేస్తే చాలనుకోకండి, నేలలోని సీసం దానంతటది పోదు, మట్టిని కూడా పరీక్షించి శుభ్రం చేయమని అడగండి.

రిపోర్టు వచ్చాక అంకె పక్కన ఏ కొలత రాశారో చూడండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు ఇస్తాయి, అప్పుడు 50 అని ఉంటే డెసిలీటరుకు 5 అన్నమాట. అది చూసుకుని మళ్లీ రాయండి, తర్వాత ఏం చేయాలో చెబుతాను.